అమెరికా పాత పూర్‌హౌస్‌లో బతికిన మనిషి ఆచూకీ తీయడం ఎలా?

హెలెన్ కెల్లర్ పాఠం చదువుకున్నవాళ్లకు ఆమె టీచర్ యాన్ సలివన్ పేరు గుర్తుండే ఉంటుంది. ఆ సలివన్ పదేళ్లు నిండకముందే, 1876 ఫిబ్రవరిలో, తమ్ముడు జిమ్మీతో కలిసి మసాచుసెట్స్‌లోని ట్యూక్స్‌బరీ పూర్‌హౌస్‌లో, అంటే దిక్కులేని పేదలను ఉంచే ప్రభుత్వ ఆశ్రమంలో, చేరింది. తల్లి చనిపోయింది, తండ్రి వదిలేశాడు. కొన్ని నెలలకే తమ్ముడు అక్కడే కన్నుమూశాడు. 1880లో ఆమె బయటపడి అంధుల బడికి వెళ్లింది కాబట్టి ఆమె కథ మనదాకా వచ్చింది. అలాంటి ఇళ్లలో ఉన్న మిగతావాళ్ల సంగతి తెలియాలంటే రికార్డులు తిరగేయడం ఒక్కటే దారి.

ట్యూక్స్‌బరీని రాష్ట్రమే నడిపింది. న్యూయార్క్ పల్లెల్లో మాత్రం ఆ భారం కౌంటీలది, అంటే మన జిల్లాల్లాంటివాటిది. ఒకప్పుడు అక్కడ దిక్కులేనివాళ్లను వేలం వేసేవారు. ఎవరు తక్కువ డబ్బుకు పోషిస్తామంటే ఆ ఇంటికి పంపేవారు. 1824లో వచ్చిన చట్టంతో కౌంటీలు పూర్‌హౌస్‌లు కట్టి, పక్కనే పొలం కొన్నాయి. ముసలివాళ్లు, రోగులు, గర్భిణులు, అనాథలు, మతి చలించినవాళ్లు, పని దొరకని కూలీలు అందరూ ఒకే కప్పు కింద ఉండేవారు. చేతనైనవాళ్లు పొలంలోనో వంటింట్లోనో పని చేయాలి. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం వృద్ధులకు సాయం తెచ్చింది కానీ, ప్రభుత్వ ఆశ్రమాల్లో ఉంటున్నవాళ్లకు ఆ డబ్బు వర్తించదని రాశారు. దాంతో పూర్‌హౌస్‌లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, కొన్ని నర్సింగ్ హోమ్‌లుగా మారాయి.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో ఇప్పుడు అల్లుడి వైపో కోడలి వైపో వంశవృక్షం వెతికే పిల్లలున్నారు. అలా వెతుకుతుంటే ఏదో ఒక తరంలో పూర్‌హౌస్ ఎదురుకావచ్చు. న్యూయార్క్ రికార్డులు బాగా మిగిలాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. దారి మిగతా రాష్ట్రాలకూ దాదాపు ఇదే.

1. ముందు కౌంటీని తేల్చుకోండి

పేరు టైప్ చేసి వెతకడం తర్వాత. ఆ మనిషి ఏ ఏడాది ఏ ఊళ్లో ఉన్నాడు, అప్పుడు ఆ ఊరు ఏ కౌంటీ కింద ఉంది అన్నది మొదట కావాలి. సరిహద్దులు మారుతూ వచ్చాయి. ఉదాహరణకు స్కైలర్ కౌంటీ 1854లో స్టూబెన్, షెమంగ్, టాంప్‌కిన్స్ కౌంటీల నుంచి కొంత కొంత తీస్తే ఏర్పడింది. అంతకుముందు ఏళ్ల కాగితాలు ఆ పాత కౌంటీల్లోనే వెతకాలి.

పేర్లు కూడా ఒకటి కాదు. ఒకచోట పూర్‌హౌస్, ఇంకోచోట ఆమ్స్‌హౌస్, పూర్ ఫార్మ్, కౌంటీ హోమ్. ఒహాయోలో 1850 నుంచి వీటిని ఇన్ఫర్మరీ అన్నారు, 1919 నుంచి కౌంటీ హోమ్ అన్నారు. ఇన్ఫర్మరీ అని కనబడితే ఆస్పత్రి అనుకుని పక్కన పెట్టేయకండి.

2. జనాభా లెక్కల్లో ఆ పేజీని పట్టుకోండి

1850 నుంచి ఫెడరల్ (దేశవ్యాప్త) జనాభా లెక్కల్లో, బానిసలను మినహాయిస్తే, ఇంట్లో ప్రతి మనిషి పేరూ రాశారు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పేరుతో దొరక్కపోతే పేజీలు తిప్పండి. పూర్‌హౌస్ పేజీ చూడగానే తెలిసిపోతుంది: పూర్‌హౌస్ నడిపే కీపర్, అతని భార్య, పిల్లలు, పనివాళ్లు, ఆ వెంటనే ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇంటిపేర్ల వరస. స్పెల్లింగ్‌ని నమ్మకండి. ఐరిష్, జర్మన్ పేర్లను రాసేవాడు తనకు వినబడినట్టు రాసుకున్నాడు.

ఇక్కడ ఒక్క విషయం బాగా పట్టించుకోవాలి. 1850 నుంచి 1900 దాకా ఈ లెక్కలకు ఆధారం జూన్ 1. పూర్‌హౌస్‌లు కిటకిటలాడేది చలికాలంలో. పొలం పనులు, కాలువ పనులు ఆగిపోయాక కూలీలు వచ్చి చేరేవారు, మంచు కరిగాక వెళ్లిపోయేవారు. కాబట్టి జూన్ పేజీలో పేరు లేనంత మాత్రాన అక్కడ ఎప్పుడూ లేడని అనుకోవద్దు. న్యూయార్క్ రాష్ట్రం విడిగా తీసిన 1855, 1865, 1875, 1892, 1905, 1915, 1925 లెక్కలు కూడా చూడండి. 1890 ఫెడరల్ కాగితాలు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏమీ మిగల్లేదు కాబట్టి 1892 లెక్క మరీ ముఖ్యం.

1880కి ఒక ప్రత్యేక అనుబంధ పట్టిక ఉంది. పేదలు, అంధులు, బధిరులు, మానసిక రోగులు, ఖైదీలు, ఇల్లులేని పిల్లలు, ఇలా విడివిడిగా రాశారు. పేదల పట్టికలో చేరిన తేదీ, ఖర్చు టౌన్‌దా కౌంటీదా, పని చేయగలరా, ఇక్కడే పుట్టారా, ఇంట్లోవాళ్లు ఇంకెవరు ఇక్కడ ఉన్నారు అన్న గడులుంటాయి. ఆ చివరి గడి వదలకండి. భార్యాభర్తలనీ తల్లీబిడ్డలనీ కలిపి చూపించే చోటు అదే.

3. 1875 తర్వాతి ఫారం చదవండి, తొందర పడకండి

న్యూయార్క్ స్టేట్ ఆర్కైవ్స్‌లో 1875 నుంచి 1921 దాకా పూర్‌హౌస్‌ల్లో ఉన్నవాళ్ల ఫారాలున్నాయి. యాన్సెస్ట్రీ సైట్‌లో స్కాన్లు పెట్టారు. మనిషికో ఫారం. వయసు, పుట్టిన చోటు, అమెరికా వచ్చి ఎన్నేళ్లయింది, వృత్తి, చదువు, తల్లిదండ్రుల వివరాలు, తాగుడు అలవాటు ఉందా, ఈ స్థితికి కారణం ఏమిటి అని వరసగా ప్రశ్నలుంటాయి. కిందికి వస్తే ఎలాంటి పని ఎంతవరకు చేయగలరు అని ఒకటి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: ఈ స్థితి నుంచి కోలుకునే విషయంలో ఈ మనిషి గతి ఏమవుతుందని అనుకోవచ్చు? దానికి రెండు మూడు మాటల్లో జవాబు రాసేసి ఉంటుంది. ఒక మనిషి భవిష్యత్తు ఒక్క గీత మీద తేలిపోయింది. ఆ గీత దగ్గర ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ఈ ప్రశ్నలు ఊరికే రాలేదు. పేదరికం ఎందుకు వస్తుందో తేల్చమని 1873లో రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. ఆ పనిలో ఉన్న అధికారులకు ఇది రక్తంలోనూ అలవాట్లలోనూ ఉందన్న అనుమానం బలంగా ఉంది. అందుకే అప్పటి ప్రశ్నలు తండ్రి తాగుడునీ తాతల స్థితినీ తవ్వాయి. కాబట్టి తేదీలు, ఊళ్లు, వృత్తి రాసిన గడులను సమాచారంగా తీసుకోండి. స్వభావం గురించి రాసినవాటిని రాసినవాడి అభిప్రాయంగా మాత్రమే తీసుకోండి. కారణం దగ్గర తాగుడు అని ఉంటే, అదే ఏడాది అతనికి కాలు విరిగిందా, భార్య పోయిందా, ఫ్యాక్టరీ మూతపడిందా అని పేపర్లలో వెతికి చూడండి. అసలు కథ చాలాసార్లు అక్కడ దొరుకుతుంది.

4. లెక్కల పుస్తకాలు, పేపర్లు

కౌంటీ బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్ (కౌంటీ పాలక మండలి) ఏటా తమ సమావేశాల వివరాలు అచ్చు వేసేది. పూర్‌హౌస్ సూపరింటెండెంట్ నివేదిక అందులోనే ఉంటుంది: పొలంలో ఎంత పండింది, డాక్టర్‌కి ఎంతిచ్చారు, శవపేటికలకి ఎంతయింది. చాలా సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ గూగుల్ బుక్స్‌లోనూ ఉన్నాయి. స్థానిక వార్తల కోసం ఎన్‌వైఎస్ హిస్టారిక్ న్యూస్‌పేపర్స్ సైట్ ఉచితం. వ్యక్తి పేరుతో పాటు కీపర్ పేరుతోనూ వెతకండి. అగ్నిప్రమాదాలూ విచారణలూ అలాగే బయటపడతాయి.

5. పేరు మాయమైతే ఎటు వెళ్లాలి

పిల్లలైతే 1875ని గుర్తుపెట్టుకోండి. మూడేళ్లు దాటి పదహారు లోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లలను పూర్‌హౌస్‌లో ఉంచకూడదని ఆ ఏడాది న్యూయార్క్ చట్టం చేసింది. వాళ్లను అనాథాశ్రమాలకో కుటుంబాలకో పంపారు. పని నేర్పిస్తామని ఒప్పందం రాయించుకుని రైతు ఇళ్లకు అప్పగించిన పిల్లలూ ఉన్నారు. ఆ ఒప్పంద పత్రాలు కౌంటీ ఆఫీసు ఫైళ్లలో ఉండొచ్చు.

మతి చలించినవాళ్ల గురించైతే సెనెకా సరస్సు ఒడ్డున 1869లో తెరిచిన విల్లార్డ్ ఆస్పత్రి వైపు చూడండి. డాక్టర్ సిల్వెస్టర్ విల్లార్డ్ కౌంటీ పూర్‌హౌస్‌ల్లో మానసిక రోగుల దుస్థితిని నివేదికగా రాశాకే అది వచ్చింది. అక్కడ చేరిన మొదటి మహిళ ఒక పూర్‌హౌస్ గదిలో ఏళ్ల తరబడి గొలుసులతో ఉన్న మనిషి. 1890 చట్టంతో ఈ రోగుల బాధ్యత పూర్తిగా రాష్ట్రానికి వెళ్లింది. రాష్ట్ర ఆస్పత్రుల ఫైళ్లకు గోప్యత నియమాలు గట్టివి. నేరుగా చూడనివ్వకపోతే మరణ ధ్రువపత్రం, కోర్టు ఆదేశాలు, జనాభా లెక్కలతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

చనిపోయి ఉంటే సమాధి దొరకడం కష్టం. చాలాచోట్ల రాళ్ల మీద పేరు ఉండదు, నంబర్ మాత్రమే. ఆ నంబర్ ఎవరిదో చెప్పేది ఖనన రిజిస్టర్ ఒక్కటే. అది పోతే ఆధారం పోయినట్టే. న్యూయార్క్‌లో 1854 చట్టం ప్రకారం ఎవరూ అడగని శవాలను వైద్య కళాశాలలకు ఇచ్చే వీలుండేది. అసలు సమాధే లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

6. కౌంటీ హిస్టారియన్‌కి ఉత్తరం రాయండి

ఆన్‌లైన్‌లో ఉన్నది కొంతే. న్యూయార్క్‌లో ఊళ్లు అధికారికంగా హిస్టారియన్‌ను, అంటే స్థానిక చరిత్ర చూసుకునే మనిషిని, పెట్టుకోవాలని 1919లో చట్టం వచ్చింది. కౌంటీలకూ హిస్టారియన్లున్నారు. ఈమెయిల్ చిన్నదిగా రాయండి: పూర్తి పేరు, తెలిసిన స్పెల్లింగులన్నీ, పుట్టిన ఏడాది అంచనా, మీరు చూసిన పేజీ ఏ ఏటిది. తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. పూర్‌హౌస్ చేరిక రిజిస్టర్ మిగిలిందా, ఖనన రిజిస్టర్ ఎక్కడుంది, సూపరింటెండెంట్ లెక్కల పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి, శ్మశానం ఇప్పుడు ఎవరి స్థలంలో ఉంది. స్థలం ప్రైవేటుదైతే యజమానిని అడిగాకే లోపలికి వెళ్లండి. వాళ్లు పంపిన కాపీ అందాక, మీరు పోగుచేసిన వివరాలు తిరిగి వాళ్లకు పంపండి. అదే మనిషి కోసం వెతికే మరో కుటుంబానికి ఆ ఫైల్లోనే మీ కాగితం దొరుకుతుంది.