వర్చువల్ పీసీ రాద్దాం, 4వ భాగం: వెక్టర్ ఎప్పుడు తేలాలి?

ఈ వరుసలో పాత పీసీని అనుకరించే ప్రోగ్రామ్ రాస్తున్నాం. ఇంటరప్ట్ అంటే చేస్తున్న పని ఆపి తనను చూడమని పరికరం ప్రాసెసర్‌కు ఇచ్చే సంకేతం. గత భాగంలో టైమర్ టిక్ పడగానే ప్రాసెసర్‌లోని ఇంటరప్ట్ ఫంక్షన్‌ను నేరుగా పిలిచాం. ఆ తాత్కాలిక ఏర్పాటును ఈ రోజు తీసేద్దాం.

1981 నాటి ఐబీఎం పీసీలో పరికరాలకూ ప్రాసెసర్‌కూ మధ్య, ఇంటరప్ట్‌లను ప్రాధాన్యం ప్రకారం చేరవేసే ఇంటెల్ 8259ఏ చిప్ ఉంటుంది. దానికి 8 లైన్లు. 0 మీద టైమర్, 1 మీద కీబోర్డు. నంబర్ చిన్నదైతే ప్రాధాన్యం ఎక్కువ.

దీని స్థితికి ముఖ్యంగా నాలుగు బైట్లు కావాలి. లైన్లు ఇప్పుడెలా ఉన్నాయో ఒకటి. మిగతా మూడు చిప్‌లోని రిజిస్టర్లు: ఎవరు అడిగారో ఐఆర్ఆర్‌లో, గెస్ట్ (మన వర్చువల్ పీసీలో నడిచే సాఫ్ట్‌వేర్) ఎవరిని ఆపి ఉంచిందో ఐఎంఆర్‌లో, ఎవరి పని నడుస్తోందో ఐఎస్ఆర్‌లో. మొదటి రెండూ ఒకటేగా అనిపిస్తాయి, కానీ కలపకండి. పీసీలో ఈ చిప్ ఎడ్జ్ పద్ధతిలో పనిచేస్తుంది. లైన్ 0 నుంచి 1కి ఎక్కినప్పుడే ఐఆర్ఆర్ బిట్ పెట్టాలి. ఆ తర్వాత లైన్ 1లోనే ఉండిపోతే కొత్త ఇంటరప్ట్ రాకూడదు. పాత స్థితి దాచుకోకపోతే ఆ తేడా మీ కోడ్‌కు తెలియదు.

ఇక అసలు విషయం. లైన్ ఎక్కగానే వెక్టర్ (ఏ ఇంటరప్ట్ కోడ్ నడపాలో ప్రాసెసర్‌కు చెప్పే నంబర్) నిర్ణయించి క్యూలో వేయకండి. ఐఎంఆర్ ఆపని బిట్ ఏదైనా ఐఆర్ఆర్‌లో ఉండి, దాని ప్రాధాన్యం ఐఎస్ఆర్‌లో ఉన్నవాటికంటే ఎక్కువైతే, ప్రాసెసర్‌కు ‘ఒకటి ఉంది’ అని మాత్రం చెప్పండి. ప్రాసెసర్ నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ ముగించి, ఇంటరప్ట్ ఫ్లాగ్ 1 అయితే (అంటే ఇంటరప్ట్‌లకు అనుమతి ఉంటే) చిప్‌కు అంగీకారం పంపుతుంది. అప్పుడు మళ్లీ లెక్క చూసి, గెలిచిన లైన్‌కు ఐఎస్ఆర్ బిట్ పెట్టి, ఐఆర్ఆర్ బిట్ తీసేసి, వెక్టర్ ఇవ్వాలి. పీసీని మొదలుపెట్టే ప్రోగ్రామ్ అయిన బయాస్, లైన్ నంబర్‌కు కలిపే ఆధారాన్ని 8గా పెడుతుంది కాబట్టి కీబోర్డుకు 9 వస్తుంది.

ఈలోపే లైన్ పడిపోతే? అంగీకారం అందేదాకా లైన్ పైనే ఉండాలన్నది ఇంటెల్ నియమం. లేకపోతే చిప్ 7వ లైన్ వెక్టర్ ఇస్తుంది, ఐఎస్ఆర్‌ను మాత్రం ముట్టుకోదు. దీన్నే స్ప్యూరియస్ ఇంటరప్ట్ అంటారు. చాలామంది ఇది ఎప్పుడో గానీ రాదని వదిలేస్తారు. నా దృష్టిలో అది తప్పు, ఎందుకంటే దీన్ని పట్టుకోవడానికే లినక్స్ కెర్నల్ ఐఎస్ఆర్ చదివి చూస్తుంది. అక్కడ మీరు 7వ బిట్ పెట్టేస్తే, గెస్ట్ దాన్ని నిజమైన ఇంటరప్ట్ అనుకుంటుంది.

అభ్యాసం: ఆధారం 8గా పెట్టి, 3వ లైన్ ఎక్కించండి. చిప్ ప్రాసెసర్‌ను పిలిచాక లైన్ దించి, ఆ తర్వాత అంగీకారం పంపండి. వెక్టర్ 15 రావాలి, ఐఎస్ఆర్ 0గా ఉండాలి. తర్వాత 7వ లైన్‌ను నిజంగానే ఎక్కించి, దించకుండా అంగీకరించండి. వెక్టర్ మళ్లీ 15 వస్తుంది కానీ ఐఎస్ఆర్ ఈసారి 128 కావాలి.

వచ్చే భాగంలో 1984 నాటి ఏటీలోని రెండో 8259ఏను 2వ లైన్‌కు తగిలిద్దాం.