పెరూజా కొండ కాళ్లు నొప్పెట్టకుండా ఎక్కాలంటే

ఇటలీలో పెరూజా చూడ్డానికి వెళ్తే మొదటి తలనొప్పి కొండే. పాత ఊరంతా పైనుంటుంది, బయటూళ్ల బస్సులేమో కింద పియాజ్జా పార్తిజాని అనే కూడలిలో దింపేస్తాయి. సూట్‌కేసు ఈడ్చుకుంటూ రోడ్డెక్కితే పైకి చేరేసరికి ఊరు చూసే సరదా కాస్తా తీరిపోతుంది.

టాక్సీ వెతక్కండి. బస్సులు ఆగే చోటి నుంచే ఎస్కలేటర్లున్నాయి, టికెట్ లేదు. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ పోతే మధ్యలో రోక్కా పావోలినా కోట లోపలికి వస్తారు. అక్కడ మాత్రం హడావిడి పడొద్దు, ఓ పావుగంట ఆగండి. 1540లో ఊరు తిరగబడితే పోప్ మూడో పాల్ ఆ తిరుగుబాటును అణిచేసి, ఇక్కడి పేటలోని పాత వీధుల మీదే కప్పులు వేసి కోట కట్టించాడు. నెత్తిన ఇటుక కమాను, అటూ ఇటూ మధ్యయుగపు ఇళ్ల గుమ్మాలు. వేసవిలో కూడా చల్లగా ఉంటుంది.

చివరి ఎస్కలేటర్ పియాజ్జా ఇతాలియాలో వదుల్తుంది. కోర్సో వనూచ్చి వీధి మీదుగా నేరుగా నడిస్తే 1278 నాటి ఫౌంటెన్, ఫోంతానా మజ్జోరే. అక్కణ్ణుంచి దిగుడే. కింద, రోమన్ల కన్నా ముందు ఇక్కడున్న ఎత్రుస్కన్ల రాతి ద్వారం, దాని మీద రోమన్లు చెక్కిన 'అగస్టా పెరూసియా' అక్షరాలు. దాన్ని ఆఖరున పెట్టుకోండి.

ఒక్కటి చూసుకోవాలి: అర్ధరాత్రి దాటాక ఎస్కలేటర్లు ఆపేస్తారు, వేళలు మొదట్లోనే బోర్డు మీద చూసుకోండి. రైల్లో ఫోంతివెజ్జె స్టేషన్లో దిగేవాళ్లకు ఇవి దూరం. వాళ్లు టికెట్ కొని, కొండ మీదికి తీసుకెళ్లే చిన్న రైలు మినీమెట్రో ఎక్కడమే నయం.