మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో ఏటా పెట్టే జాతర ఈవెంట్‌కి మ్యూజిక్ మార్చడం ఎలా?

ఈవెంట్ అనగానే అందరూ బిల్డ్ మీద పడతారు. గుడి గోపురం, గాజుల అంగళ్లు, రంగులరాట్నం అన్నీ వారం ముందే రెడీ అయిపోతాయి, మ్యూజిక్ సంగతి మాత్రం మొదలుపెట్టే రోజు పొద్దున ఎవరికో గుర్తొస్తుంది, ఇంక టైం ఎక్కడిది, పోయినేడాది పాటే మళ్లీ తగిలించేస్తారు. మా తిరుపతి కుర్రాళ్ల సర్వర్‌లో మే నెలలో గంగమ్మ జాతర పెడతాం కాబట్టి దాన్నే పట్టుకుని రాస్తున్నా. మీరు చిత్తూరులో కూర్చుని సంక్రాంతి ఈవెంట్ పెట్టుకున్నా పద్ధతి ఇదే. చెప్పేదంతా జావా ఎడిషన్ 1.21 లెక్కన. ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్‌లో ఫైళ్ల అమరిక వేరు, దాని జోలికి పోవట్లేదు.

ముందు ఏది ఉంచాలో తేల్చుకోండి

మ్యూజిక్ మార్చడం అంటే మొత్తం తీసి పారేయడం కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపుతో మొదలవుతుంది, చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదని పెద్దవాళ్లు చెబుతారు. ఆ తర్వాత రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఆపైన సున్నపు కుండలు, చివర్లో అమ్మవారి విశ్వరూపం. వేషాలు రోజూ మారుతుంటాయి, చాటింపు మాత్రం ఏటా అదే. మీ ఈవెంట్‌లో కూడా అలాంటి ముక్క ఒకటి ఉంటుంది, పది సెకన్ల పలకల (డప్పుల) మోత కావచ్చు, ఒక కొమ్ము ఊదిన శబ్దం కావచ్చు, అది వినగానే ఏడాది తర్వాత లాగిన్ అయినవాడికి కూడా 'ఓహో, మొదలైంది' అని తెలిసిపోతుంది. దాన్ని ముట్టుకోవద్దు. వెనకాల గంటల తరబడి మోగే పాటని మాత్రం నిర్మొహమాటంగా మార్చేయండి, జనాలకి విసుగు పుట్టేది దానితోనే.

(బండ వేషం రోజు తిరుపతిలో బూతులు తిట్టడం ఆచారమే. సర్వర్ చాట్‌లో ఆ ఆచారం వద్దని ముందే చెప్పేయండి, చిన్నపిల్లలు ఉంటారు.)

పాట ఎక్కడి నుంచి తేవాలి?

సినిమా పాట పెట్టేద్దాం అంటాడు ఒకడు, ప్రతి గ్రూపులో ఉంటాడు వాడు. రిసోర్స్ ప్యాక్‌లో (గేమ్ బొమ్మలు, శబ్దాలు మార్చే ఫైళ్ల మూటలో) పాట పెట్టడం అంటే దాని కాపీని ప్రతి ప్లేయర్ కంప్యూటర్‌కి పంచడమే. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. పైగా మీ ఈవెంట్‌ని ఎవడైనా యూట్యూబ్‌లో లైవ్ పెడితే వాడి వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు, ఆ తలనొప్పి వాడికి మీరెందుకు తగిలించాలి?

అయితే అన్నమయ్య కీర్తన పెడదాం, 15వ శతాబ్దం నాటిది కదా, ఎవరూ అడగరు అనుకుంటారు. సాహిత్యం వరకు నిజమే. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరాలు ఉండవు, మనం ఇవాళ వింటున్న బాణీల్లో చాలా వరకు 20వ శతాబ్దంలో కట్టినవి. కట్టినవాళ్లు ఉన్నారు, పాడినవాళ్లు ఉన్నారు, రికార్డు చేసిన కంపెనీ ఉంది. కాబట్టి కీర్తన పాతదైనా మీ చేతిలో ఉన్న రికార్డింగ్ పాతది కాదు.

నా ఓటు సొంత రికార్డింగ్‌కే. పలక వాయించేవాళ్లు మన జిల్లాలో ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. గేమ్‌లో వాడతామని విడమరిచి చెప్పి, ఒప్పుకుంటే డబ్బులిచ్చి వాయించుకోండి, ఊరికే 'అన్నా ఒక్క దెబ్బ' అనొద్దు. రికార్డింగ్‌కి ఫోన్ చాలు. కాకపోతే పలక పక్కనే పెడితే దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం పగిలిపోతుంది, అందుకని కాస్త దూరం జరగండి, మధ్యలో మోత ఎక్కువైతే లెవెల్ దానంతటదే తగ్గించేసే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, వీలైతే వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేయండి. జాతర గుంపులో నిలబడి తీసినది సందడికి పనికొస్తుంది గానీ లూప్‌కి (మళ్లీ మళ్లీ మోగే ముక్కకి) పనికిరాదు, మధ్యలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తారు, ఆ పిలుపు ప్రతి నిమిషంన్నరకీ వినిపిస్తుంటే వినేవాళ్లకి పిచ్చెక్కుతుంది.

లూప్ కత్తిరించడం

అసలు పని ఇక్కడే ఉంది, తొందర పడొద్దు.

గేమ్‌లో శబ్దం మోగించే ప్లేసౌండ్ కమాండ్‌కి 'మళ్లీ మళ్లీ మోగించు' అనే ఆప్షన్ లేదు. పాట అయిపోయిన టైంకి మనమే మళ్లీ మొదలుపెట్టాలి. అందుకని పాట నిడివి సరిగ్గా పూర్తి సెకన్లలో వచ్చేట్టు చూసుకుంటే లెక్క తేలిక. తకిట తకిట అని ఆరు దెబ్బల నడక అనుకోండి, నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక ఆవృతానికి 3 సెకన్లు పడుతుంది, 30 ఆవృతాలకి 90 సెకన్లు. గేమ్ సెకనుకి 20 టిక్కులు (గేమ్ తన పనులు లెక్కపెట్టుకునే అడుగులు) నడుస్తుంది, అంటే 1800 టిక్కులు. వాయించేవాళ్లు మెట్రోనోమ్ పెట్టుకోరు, వేగం కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో టెంపో సరిచేసుకోవచ్చు. మరీ ఎక్కువ సరిచేస్తే మాత్రం పలక కాస్తా ప్లాస్టిక్ డబ్బా అయిపోతుంది.

ఇప్పుడు ఒక చిక్కు. చాలామంది అతుకు తెలియని లూప్ కోసం పాకులాడతారు. కానీ గేమ్ లెక్కపెట్టేది టిక్కుల్ని, గడియారాన్ని కాదు. ఈవెంట్ రోజు జనం ఎక్కువై సర్వర్ 20 టిక్కుల నుంచి 15కి పడిపోయిందనుకోండి, ఆ 1800 టిక్కులకి 90 సెకన్ల బదులు 120 సెకన్లు పడుతుంది. ప్లేయర్ కంప్యూటర్‌లో పాట 90 సెకన్లకే అయిపోతుంది, మిగతా అరనిమిషం మౌనం. నడి దరువులో కోసిన లూప్ అయితే అది బగ్ అనిపిస్తుంది. అందుకే పాట చివర ఒక ముక్తాయింపు వాయించి ముగించండి, మోత సద్దుమణిగాక మళ్లీ ఎత్తుకున్నట్టు మొదలవ్వాలి. అప్పుడు గ్యాప్ రెండు సెకన్లు వచ్చినా ముప్ఫై వచ్చినా వాయించేవాళ్లు ఊపిరి తీసుకున్నారనే అనుకుంటారు.

ఎగుమతి చేసేటప్పుడు ఓజీజీ వోర్బిస్ ఫార్మాట్ ఎంచుకోండి, 44,100 హెర్ట్జ్. ఎంపీ3ని గేమ్ చదవదు, ఊరికే ఫైల్ పేరు చివర మార్చినంత మాత్రాన ఎంపీ3 ఓజీజీ అయిపోదు. ఓజీజీలోనే ఓపస్ అని ఇంకోటి ఉంటుంది, అదీ పనిచేయదు. ఊరంతా వినిపించే పాటకి స్టీరియో (ఎడమ, కుడి రెండు ఛానెళ్లు) ఉంచండి. గుడి ముందు మాత్రమే వినిపించి దూరం పోయేకొద్దీ తగ్గాల్సిన పలకల మోతకి మోనో (ఒకటే ఛానెల్) చేయండి, స్టీరియో ఫైల్ దూరాన్ని బట్టి తగ్గదు. సెకనుకి 160 కిలోబిట్ల దగ్గర మూడు నిమిషాల పాట దాదాపు 3.6 మెగాబైట్లు వస్తుంది, హాస్టల్ వైఫైలో ఆడేవాడు కూడా తట్టుకుంటాడు.

ప్యాక్ కట్టడం

ఒక ఫోల్డర్ తీసుకుని అందులో ప్యాక్ డాట్ ఎంసీమెటా అనే ఫైల్ పెట్టండి, ప్యాక్ ఫార్మాట్ నంబర్ 34 ఇవ్వండి, అది 1.21కి సరిపోతుంది. పక్కనే అసెట్స్ ఫోల్డర్, అందులో మీ ఈవెంట్ పేరుతో ఇంకో ఫోల్డర్, దాంట్లో సౌండ్స్ డాట్ జేసన్ ఫైల్ ఒకటి, సౌండ్స్ అనే ఫోల్డర్ ఒకటి. ఓజీజీలు ఆ చివరి ఫోల్డర్‌లోకి పోతాయి. పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి, ఖాళీలు ఉండకూడదు, తెలుగులో పెడితే గేమ్ ఒప్పుకోదు. ఏడాదికో సబ్‌ఫోల్డర్ పెట్టుకోండి, పాత ఫైల్ మీద కొత్తది ఎక్కించొద్దు, ఎందుకంటే రెండో రోజు కొత్త పాట ఎవరికీ నచ్చకపోతే వెనక్కి పోవడానికి దారి ఉండాలి.

జేసన్ ఫైల్‌లో సౌండ్ పేరు రాసి దాని కింద ఫైళ్ల జాబితా ఇస్తారు. పొడుగు పాటలకి స్ట్రీమ్ అనేది ట్రూ పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే పాట మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి లాగుతుంది, మొదలయ్యేటప్పుడు గేమ్ జర్కు కొట్టొచ్చు. ఒకే పేరు కింద మూడు నాలుగు ఫైళ్లు ఇస్తే ప్రతిసారీ వాటిలో ఏదో ఒకటి మోగుతుంది, విసుగు తగ్గించడానికి ఇంతకన్నా చవకైన మందు లేదు. నిడివి మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. ఒకే సమయంలో ఒక్కొక్కరికి ఒక్కోటి వినిపించొచ్చు, పోనీలెండి, జాతరలో ఏ వీధి మోత ఆ వీధిదే కదా.

ముందు మీ సొంత గేమ్‌లో ప్యాక్ వేసుకుని వినండి. ఏదైనా మార్చాక ఎఫ్3 నొక్కి పట్టుకుని టి కొడితే ప్యాక్ మళ్లీ లోడ్ అవుతుంది. ఏమీ వినపడకపోతే నూటికి తొంభై పాళ్లు జేసన్‌లో ఒక కామా ఎక్కువో తక్కువో అయ్యుంటుంది.

సర్వర్‌కి ఎక్కించడం

జిప్ చేసేటప్పుడు బయటి ఫోల్డర్‌ని కాదు, దాని లోపల ఉన్నవాటిని సెలెక్ట్ చేసి జిప్ చేయండి. తెరవగానే ఎంసీమెటా ఫైల్ కనిపించాలి. దాన్ని నేరుగా డౌన్‌లోడ్ అయ్యే లింకు ఉన్నచోట పెట్టి, ఆ లింకుని సర్వర్ ప్రాపర్టీస్ అనే సెట్టింగుల ఫైల్‌లో రిసోర్స్ ప్యాక్ వరుసలో రాయండి. 'ఇక్కడ నొక్కండి' అని పేజీ తెరుచుకునే షేరింగ్ లింకులు పనిచేయవు.

కింద ఎస్‌హెచ్ఏ1 (జిప్ ఫైల్‌ని గుర్తుపట్టే కోడ్) వరుస కూడా నింపాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో, లినక్స్‌లో ఎస్‌హెచ్ఏ1సమ్‌తో ఆ 40 అక్షరాలు వస్తాయి. జిప్ మార్చిన ప్రతిసారీ ఇదీ మార్చాలి. లేదంటే ప్లేయర్ కంప్యూటర్‌లో దాచిపెట్టుకున్న పాత ప్యాకే మళ్లీ వాడేయొచ్చు, మీకు కొత్త పాట, వాళ్లకి పోయినేడాది పాట, ఇంక గ్రూపులో ఒకటే గోల.

మోగించడం

డేటాప్యాక్‌లో (సర్వర్ వరల్డ్‌లో పెట్టే కమాండ్ల మూటలో) ఒక ఫంక్షన్, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైల్, రాయండి. అందులో మూడే వరుసలు: గేమ్ సొంత మ్యూజిక్‌ని ఆపే స్టాప్‌సౌండ్, ప్రతి ప్లేయర్‌కీ వాళ్లున్నచోటే మోగేట్టు ఎగ్జిక్యూట్‌తో కలిపిన ప్లేసౌండ్, 90 సెకన్ల తర్వాత ఇదే ఫంక్షన్‌ని మళ్లీ పిలిచే షెడ్యూల్. 1.21 నుంచి ఆ ఫోల్డర్ పేరు ఫంక్షన్ అని ఏకవచనంలో ఉంటుంది, పాత వీడియోలు చూసి బహువచనంలో పెడితే గేమ్‌కి కనపడదు.

ప్లేసౌండ్‌లో ఛానెల్ (ఏ వాల్యూమ్ స్లైడర్ కిందికి రావాలో) అడుగుతుంది. మ్యూజిక్ అని ఇస్తే, గేమ్ మ్యూజిక్‌ని సున్నాలో పెట్టుకుని ఆడేవాళ్లకి (వీళ్లు చాలామంది ఉంటారు) ఏమీ వినపడదు. రికార్డ్ అని ఇవ్వండి, అది జ్యూక్‌బాక్స్ స్లైడర్ కిందికి వస్తుంది, దాన్ని తగ్గించుకునేవాళ్లు తక్కువ, పైగా మన స్టాప్‌సౌండ్ మ్యూజిక్ ఛానెల్‌ని ఆపినప్పుడు మన పాటకి దెబ్బ తగలదు. గుడి ముందు మోనో మోతకి వాల్యూమ్ 2 ఇస్తే శబ్దం పెరగదు, వినిపించే దూరం 16 బ్లాకుల నుంచి 32కి పెరుగుతుంది.

మధ్యలో జాయిన్ అయినవాడికి తర్వాతి విడత మొదలయ్యేదాకా పాట ఉండదు. పాట నిమిషంన్నరలో ఉంచమన్నది అందుకే. ఐదు నిమిషాల పాట పెడితే వాడు అంతసేపు నిశ్శబ్దంలో రంగులరాట్నం తిరగాలి.

విశ్వరూపం అయిపోయిన రాత్రి షెడ్యూల్ క్లియర్ కొట్టి, ఆ వెంటనే రికార్డ్ ఛానెల్‌కి స్టాప్‌సౌండ్ ఇవ్వండి. సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆగిపోతుందిలే అనుకోవద్దు, షెడ్యూల్ చేసిన ఫంక్షన్లు వరల్డ్‌తో పాటే సేవ్ అవుతాయి, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ పలక అందుకుంటుంది.