ఫ్యూజన్ ప్రాజెక్టుల పనులు దక్కించుకోవడం ఎలా? విశాఖ ఫ్యాబ్రికేషన్ షాపుల కోసం

అణువుల కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించేందుకు పలు దేశాలు కలిసి దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్ మాటెత్తితే గాజువాక ఆటోనగర్‌లో చాలామంది "అంతంత పెద్ద పనులు మనకెక్కడివిలే" అంటారు. కానీ మన దేశం తన వాటాలో ఎక్కువ భాగం డబ్బుగా కాదు, తయారుచేసిన సామగ్రిగా ఇస్తోంది. అంటే ఆ ఆర్డర్లలో చాలావరకు ఇక్కడి కంపెనీలకే.

1. కొనేదెవరో తెలుసుకోండి. ఈ కొనుగోళ్లు ఐటర్-ఇండియా చూస్తుంది. అది గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ కింద ఉంది. ఆ సంస్థకు ఆదిత్య-యు, ఎస్‌ఎస్‌టీ-1 అనే సొంత ఫ్యూజన్ పరిశోధన యంత్రాలూ ఉన్నాయి కాబట్టి రెండింటి టెండర్లూ చూస్తుండాలి.

2. పెద్ద టెండరుకు ఎగబడొద్దు. ఐటర్ రియాక్టర్‌ను చుట్టి ఉండే 3,850 టన్నుల వాక్యూమ్ పాత్ర క్రయోస్టాట్‌ను ఎల్ అండ్ టీ గుజరాత్‌లోని హజీరాలో 54 ముక్కలుగా చేసి పంపింది. అది మన స్థాయి కాదు. అలాంటి కంపెనీలకు సబ్ కాంట్రాక్టర్‌గా చేరడమే దారి. బీహెచ్‌ఈఎల్‌కో, షిప్‌యార్డుకో పని చేసిన రికార్డుంటే ముందు అదే చూపించండి.

3. స్టెయిన్‌లెస్ స్టీలుకు వేరే షెడ్డు పెట్టండి. అసలు గెలుపోటములు ఇక్కడే. మామూలు ఇనుముకు వాడిన గ్రైండింగ్ వీల్‌నే దీనికీ వాడితే ఇనుప రజను అంటుకుని తుప్పు మచ్చలొస్తాయి. పైగా మనది సముద్రపు గాలి, ఉప్పు ఊరుకోదు. వీల్స్, బ్రష్‌లు విడిగా ఉంచి, పూర్తయిన ముక్కను కవర్‌తో చుట్టేయాలి. వాక్యూమ్ భాగమైతే లోపల గాలి తీసేసి, బయట హీలియం చల్లి లీకు వెతుకుతారు. కంటికి నున్నగా కనబడే అతుకు కూడా అక్కడ దొరికిపోతుంది.

4. కాగితం రాయడం అలవాటు చేయండి. ఏ ప్లేటు, దాని హీట్ నంబరు (ఏ విడత కరిగింపులో తయారైందో చెప్పే నంబరు), ఏ వెల్డర్, ఏ ఫిల్లర్ వైరు అన్నది పని జరిగిన రోజే రాయాలి. ఆడిట్ ముందు రాత్రి కూర్చుని నింపిన రిజిస్టరు ఇన్‌స్పెక్టరుకు ఇట్టే తెలిసిపోతుంది.

5. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు), డిజిటల్ సిగ్నేచర్ చేయించుకోండి. అర్హత ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు ప్రభుత్వ టెండర్లలో ఈఎండీ (టెండరుతో కట్టే ధరావతు) మినహాయింపు ఉంటుంది. నేరుగా ఎగుమతి చేస్తే ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) కూడా కావాలి.

6. రేటు తెగ్గోసుకోవద్దు. హీలియం టెస్టు, ఎక్స్‌రే, థర్డ్ పార్టీ తనిఖీ ఖర్చులు కొటేషన్‌లో విడివిడిగా వేయండి. బిల్లుల టెన్షనా? సూక్ష్మ, చిన్న యూనిట్లకు సరుకు తీసుకున్నాక 45 రోజులు దాటకుండా చెల్లించాలని చట్టమే చెబుతోంది. ఆ గడువును పర్చేజ్ ఆర్డర్‌లో రాయించాకే పనికి దిగండి.