ఊరికి ఏదైనా చేద్దామనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్ళు నలుగురు అరుగు మీద కూర్చుంటే ఈ మాట రాక మానదు: "మన ఊరికి ఏదైనా చేద్దాంరా." కనుమ నాటికి వాట్సాప్ గ్రూపు తయారవుతుంది. ఒకరు యాభై వేలంటారు, ఇంకొకరు లక్షంటారు. శివరాత్రి వచ్చేసరికి ఆ గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ మిగలవు. డబ్బు చాలక ఆగిపోయిన గ్రూపుని నేనింతవరకు చూడలేదు. ఎవరికి చేస్తున్నామో, ఎవరిని అడిగి చేస్తున్నామో తేల్చుకోక ఆగిపోయినవే అన్నీ.

మా ఊళ్ళో ఒక చిన్న సొసైటీకి ఎనిమిదేళ్ళు కార్యదర్శిగా చేశాను. మేం చేసిన తప్పులతో సహా, పని ఏ వరసలో చేస్తే బాగుంటుందో చెబుతాను.

1. రసీదు పుస్తకం కంటే ముందు ముగ్గు పిండి

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. 1983 నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో దళిత మహిళా సంఘాలతో కలిసి పనిచేస్తోంది. 1990లలో ఆ సంఘాలు సొంత ధాన్య నిధి పెట్టుకున్నాయి. బీడు పడ్డ చేలలో జొన్న పండించి, ఊళ్ళోనే నిల్వ చేసి, పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరికివ్వాలి అన్నదానికి ఆఫీసు జాబితా కోసం చూడలేదు. ఊరి పటం నేల మీద గీసి, ఏ ఇంటి పరిస్థితి ఏమిటో ఊరివాళ్ళే అందరి ముందూ మాట్లాడుకుని తేల్చారు.

ఈ పద్ధతికి పైసా ఖర్చు లేదు. కూలి పనికి వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంకా వంట మొదలుపెట్టని సమయం చూసుకోండి. ముగ్గుతో వీధులు గీయమని ఆడవాళ్ళకే ఇవ్వండి. బోర్లు, ట్యాంకు, అంగన్‌వాడీ, రేషన్ షాపు పెట్టించండి. కుళాయి నీళ్ళు అందని ఇంటి మీద చింతగింజ, బడి మానేసిన పిల్ల ఉన్న ఇంటి మీద గవ్వ, ఒంటరి ముసలివాళ్ళ ఇంటి మీద రాయి. అరగంటలో ఊరి సంగతంతా కాళ్ళ దగ్గర కనపడుతుంది.

పటం రచ్చబండ దగ్గర గీయకండి, ఊరి చివర వాడలో గీయండి. మేం మొదటిసారి రచ్చబండ దగ్గరే గీశాం. గుడి, బడి, పెద్దవీధి బారెడంత వచ్చాయి, కాలనీ మొత్తం చాటంత జాగాలో ఇరుక్కుంది. రెండోసారి కాలనీలో గీస్తే మేమెవరం ఎరగని మూడు సందులు బయటపడ్డాయి.

2. ఏడుగురు ఎవరు?

సొసైటీ రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే లెక్క. సాధారణంగా జరిగేదేమిటంటే, డబ్బిచ్చినవాళ్ళు నలుగురు, వాళ్ళ బంధువులు ముగ్గురు. అక్కడితో కథ సగం అయిపోయినట్టే.

విద్యాహక్కు చట్టంలో బడి యాజమాన్య కమిటీకి ఒక లెక్క ఉంది: నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ సూత్రాన్ని అరువు తెచ్చుకోండి. మీరు ఎవరికోసం పని చేస్తున్నారో వాళ్ళు సగానికి తగ్గకుండా ఉండాలి. డ్వాక్రా సంఘాల్లో లెక్కలు రాసి రాసి చెయ్యి తిరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కోశాధికారికి అంతకంటే మంచి అనుభవం ఏముంది? "ఆవిడకు ఏం తెలుసులే" అనే మాట తప్పకుండా వస్తుంది. పొదుపు సంఘం పాస్‌బుక్ తెచ్చి చూపించమనండి, మాట ఆగిపోతుంది.

3. పని ఎంచుకోవడం, మా వాటర్ ప్లాంటు గోల

మనకు దాతృత్వం కొత్త కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఇవాళ ఆవిడ పేరే ఉంది. ఆకలన్నవాడికి అన్నం పెట్టడం ఒక పని. ఆ ఇంట్లో రోజూ ఆకలి ఎందుకుంటోందో అడగడం ఇంకో పని. రెండోదానికి చందాలు అంత తేలిగ్గా రాలవు. శిలాఫలకం వేయడానికి దానికి గోడ ఉండదు కదా.

మా మొదటి పనికి మాత్రం గోడ ఉంది. బస్టాండు పక్కన వాటర్ ప్లాంటు పెట్టాం. ఇరవై లీటర్ల క్యాన్, అందరికీ ఒకటే ధర, ఒకటే వరస. ఎవరినీ వేరుగా చూడలేదని మాకు గర్వం కూడా. నాలుగు నెలలయ్యాక కార్డుల రిజిస్టరు తిరగేస్తే కాలనీ నుంచి ఒక్క పేరూ లేదు.

"వాళ్ళకు రుచి నచ్చలేదేమో" అన్నారొకరు. ఇంకో పెద్దమనిషి, "పోనీ కాలనీ వైపు వేరే కుళాయి పెట్టిద్దాం" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అప్పుడు కమిటీలో ఉన్న కాలనీ అక్క ఒకావిడ లేచి, "మాకు వేరే కుళాయి వద్దండీ, వేరే టైం కావాలి" అంది.

సంగతి అప్పటికి గానీ అర్థం కాలేదు. ప్లాంటు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా తెరుస్తున్నాం. మిరపకోతలకు వెళ్ళే ఆటో ఐదున్నరకే కదిలిపోతుంది. పైగా కిలోమీటరు దూరం, బండి లేదు, ఇరవై లీటర్లు నెత్తిన మోయాలి. ధర ఒకటే పెట్టినంత మాత్రాన అందరికీ ఒకటే అయిపోదని ఆ రిజిస్టరు నేర్పింది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది కలిపాం. ట్రాలీ ఆటోకు నెలకింతని మాట్లాడాం. ప్లాంటు నడిపే పని కాలనీ కుర్రాడికే ఇచ్చాం. రెండు నెలల్లో కార్డులు నిండాయి.

అందుకే ఏ పని పెట్టినా మూడు నెలలకోసారి ఒక ప్రశ్న వేసుకోండి: ఎవరు వస్తున్నారు అని కాదు, ఎవరు రావడం లేదు అని. రానివాళ్ళ ఇంటికి వెళ్ళి అడగండి.

4. బడికి పోటీగా బడి పెట్టకండి

ఊరి మీద ప్రేమ పొంగినప్పుడు సొంత స్కూలో, సొంత ఆసుపత్రో కట్టాలనిపిస్తుంది. ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1981లో మొదలై, ఆ తర్వాత రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద పనిచేసింది. బడికి వెళ్ళని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అనేది వాళ్ళ లెక్క. పనిలోంచి విడిపించిన పిల్లలను శిబిరాల్లో చదువుకు అలవాటు చేసి, వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడికే పంపారు. ప్రభుత్వ టీచర్లే ఆ పనికి వేదిక కట్టుకుని ముందుకొచ్చారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

మీరు చేసేది చిన్నదైనా దారి అదే. గ్రామసభకు వెళ్ళండి, ముగ్గు పటం ఫోటో చూపించండి, తీర్మానం రాయించండి. పంచాయతీ చేయాల్సిన పనిని మీ చందాతో చేసేస్తే, వచ్చే ఏడాది కూడా మీ మీదకే వస్తుంది.

5. కాగితాలు, పన్నులు, అమెరికా డబ్బు

రిజిస్ట్రేషన్ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర. తర్వాత సొసైటీ పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. చెక్కు మీద ఇద్దరి సంతకాలు తప్పనిసరి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఆపైన ఆదాయపు పన్ను శాఖ దగ్గర రెండు అనుమతులు: సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతలకు మినహాయింపునిచ్చే 80జీ. ఆదాయపు పన్నుకు 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ నుంచి అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, జనం నోట మాత్రం ఇంకా 80జీయే. మొదట తాత్కాలికంగా మూడేళ్ళకు ఇస్తారు. దరఖాస్తుకు ముందు ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి, ఆ ఫీజుకు వెనకాడకండి.

దాతలకు ముందే చెప్పాల్సినవి రెండు. రెండు వేలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు 80జీ మినహాయింపే లేదు. తర్వాత తెలిస్తే మిమ్మల్నే అంటారు.

అసలు టెన్షన్ విదేశీ డబ్బుతోనే. మీ బావగారు డల్లాస్‌లో ఉన్నా ఇండియా పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందకి రాదు. ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చేసి చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉంటే మాత్రం వస్తుంది. అది తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అక్కడి తెలుగు సంఘాల నుంచి వచ్చేదీ అంతే. మామూలుగా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కు సంస్థ పెట్టి మూడేళ్ళు నిండి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు సేవా పనుల మీద ఖర్చు చేసి ఉండాలి. ఫోన్‌పే నంబరు గ్రూపులో పెట్టేముందు ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రాసుకోండి. మొహమాటపడితే చిక్కు మీకే.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బు సంగతి తర్వాత చూడొచ్చు. లాభాల్లో 2 శాతం ఖర్చు చేయాల్సిన కంపెనీలు చాలానే ఉన్నాయి, కానీ బయటి సంస్థకు ఇవ్వాలంటే మూడేళ్ళ పని చరిత్ర అడుగుతారు. మీ రిజిస్టర్లే ఆ చరిత్ర.

6. లెక్క గోడ మీద

మూడు నెలలకోసారి జమాఖర్చు పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ వేయించి కట్టండి. పంచాయతీ దగ్గర ఒకటి, కాలనీలో ఒకటి. టీ ఖర్చు నూట ఎనభై అయితే అది కూడా రాయండి. మా ఫ్లెక్సీ ముందు జనం లక్షల్లో మోటారు ఖర్చు వదిలేసి ఆ టీ లెక్క మీదే పావుగంట వాదించుకున్నారు. ఆ వాదన చూశాకే, లెక్కను నిజంగా చదువుతున్నారని నాకు నమ్మకం కుదిరింది.

దాత పేరు రాయాలా అంటే, రాయండి. పెయింటుతో చిన్నగా చాలు. పాలరాతికి అయ్యే డబ్బుతో ఒక ఏడాది ఫిల్టర్లు వస్తాయి.

7. దిగిపోవడం

ఒకే మనిషి రెండు దఫాలకు మించి ఆ కుర్చీలో ఉండకూడదని నియమావళిలోనే రాయించండి. నేను అది రాయించలేదు కాబట్టే ఎనిమిదేళ్ళున్నాను. నా తర్వాతి కార్యదర్శికి పుస్తకాలు, పాస్‌బుక్, స్టాంపు, తాళాలు అన్నీ అప్పగించి దండ కూడా వేయించుకున్నాను. పన్ను రిటర్ను వేసే రోజున ఆవిడ నుంచి ఫోన్: "అన్నా, ఓటీపీ నీ నంబరుకే వస్తోంది." ఆరు నెలలు ఆ ఓటీపీలు చదివి చెప్పాను. మీరు అప్పగించే జాబితాలో ఫోన్ నంబరు మార్పించడం మొదటి వరసలో రాసుకోండి. బ్యాంకులో ఒకటి, ఐటీ పోర్టల్‌లో ఒకటి, కరెంటు మీటరుకు ఇంకొకటి.