ఏటీటైనీ85లో యూఆర్ట్ లేకుండా సీరియల్ డేటా చదవడం ఎలా?

ఏటీటైనీ85 అంటే ప్రోగ్రామ్ రాసి నడిపించే ఎనిమిది కాళ్ల చిన్న చిప్ (మైక్రోకంట్రోలర్). సీరియల్ డేటాను, అంటే ఒకే తీగ మీద ఒక్కో బిట్‌గా వచ్చే డేటాను, అందుకునే యూఆర్ట్ అనే సర్క్యూట్ ఇందులో లేదు. అయినా జీపీఎస్ మాడ్యూల్ 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్లు) పంపే డేటాను మామూలు పిన్ మీదే చక్కగా చదవచ్చు. టైమింగ్ కుదిరితే చాలు.

ముందు క్లాక్ చూసుకోండి. లోపలి ఆసిలేటర్ 8 మెగాహెర్ట్జ్‌దే, కానీ కొత్త చిప్‌లో ఫ్యూజ్ (ఫ్యాక్టరీలో పెట్టిన సెట్టింగ్) దాన్ని 8తో భాగించి 1 మెగాహెర్ట్జ్‌కి దించేస్తుంది. ప్రోగ్రామ్ మొదట్లోనే ఆ భాగహారం తీసేయండి. లేకపోతే లెక్కలన్నీ తప్పుతాయి.

మాడ్యూల్ డేటా పంపే టీఎక్స్ పిన్‌ని చిప్ పీబీ2కి, అంటే 7వ కాలికి కలపండి. రెండింటి గ్రౌండ్లూ ఒకటి కావాలి. పాత కంప్యూటర్ల ఆర్‌ఎస్-232 లైన్ మాత్రం నేరుగా తగిలించకండి. అందులో మైనస్ వోల్టేజీ కూడా వస్తుంది, చిప్ కాలిపోతుంది.

లైన్ ఖాళీగా ఉన్నప్పుడు హై. బైట్ మొదలవగానే స్టార్ట్ బిట్ కోసం లో అవుతుంది. తర్వాత ఎనిమిది డేటా బిట్లు, తక్కువ విలువ ఉన్న బిట్ ముందు. చివర హైగా ఉండే స్టాప్ బిట్. ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు.

లైన్ హై నుంచి లోకి పడగానే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వేరే కోడ్‌కి వెళ్లమనే సంకేతం) వచ్చేలా పెట్టండి. అందులో ఆ ఇంటరప్ట్‌నే ఆపేసి, టైమర్‌ని సున్నా చేసి, ఒకటిన్నర బిట్ల సమయానికి, అంటే 156 మైక్రోసెకన్లకు సెట్ చేయండి. అప్పుడు మొదటి డేటా బిట్‌ను సరిగ్గా నడిమధ్యలో చదువుతాం. టైమర్‌కి వెళ్లే క్లాక్‌ను భాగించే ప్రీస్కేలర్‌ను 8 పెడితే టైమర్ ఒక్కో టిక్ ఒక్కో మైక్రోసెకను, లెక్క సులువు. ఇంటరప్ట్‌లోకి వెళ్లేసరికే కొంత సమయం పోతుంది కాబట్టి 150 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఆ తర్వాత ప్రతి 104కి ఒక బిట్: బైట్‌ను కుడికి జరపడం, పిన్ హైగా ఉంటే పై బిట్ పెట్టడం. తొమ్మిదోసారి చదివేది స్టాప్ బిట్. అది లో వచ్చిందంటే ఆ బైట్ పారేయండి.

ఇక అసలు మెలిక. డేటా వస్తున్నంతసేపూ లైన్ కిందికి పడుతూనే ఉంటుంది. ఇంటరప్ట్ ఆపినా దాని ఫ్లాగ్ (అది వచ్చిందని గుర్తుపెట్టుకునే బిట్) మాత్రం ఎక్కి కూర్చుంటుంది. దాన్ని చెరపకుండా ఇంటరప్ట్ మళ్లీ ఆన్ చేస్తే, రాని స్టార్ట్ బిట్ వచ్చిందనుకుని చెత్త చదువుతుంది. ఆ ఫ్లాగ్ స్థానంలో 1 రాస్తేనే అది చెరుగుతుంది, 0 రాస్తే కాదు.

వచ్చిన బైట్లను రింగ్ బఫర్‌లో (చివరికి చేరితే మళ్లీ మొదటి నుంచి నిండే నిల్వలో) వేసి మెయిన్ లూప్‌లో తీసుకోండి. జీపీఎస్ వాక్యం 82 అక్షరాల దాకా ఉండొచ్చు, అందుకే 128 బైట్లు కేటాయిస్తే టెన్షన్ ఉండదు. ర్యామ్ మొత్తం 512 బైట్లే, బఫర్‌కి 128కి మించి ఇవ్వకండి. బఫర్‌లో ఎక్కడ రాయాలో, ఎక్కడ చదవాలో చెప్పే ఇండెక్స్‌లను వొలటైల్‌గా (విలువ ఎప్పుడైనా మారొచ్చని కంపైలర్‌కి చెబుతూ) ప్రకటించడం మరవొద్దు.

ఇంకా చెత్త అక్షరాలు వస్తుంటే ఆసిలేటర్‌ని అనుమానించండి. ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్‌లో 10 శాతం దాకా తేడా ఉండొచ్చు, మనకు 2 శాతం దాటితేనే ఇబ్బంది. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో పెద్ద 'యు' అక్షరం పంపండి. దాని బిట్లు ఒకటి విడిచి ఒకటి మారతాయి. లైన్ మొదటిసారి కిందికి పడటం నుంచి ఐదోసారి పడటానికి చిప్ టైమర్ లెక్కలో 833 మైక్రోసెకన్లు రావాలి. ఎక్కువ చూపిస్తే చిప్ వేగంగా ఉన్నట్టు, ఆసిలేటర్ వేగాన్ని సరిచేసే ఓఎస్‌సీక్యాల్ రిజిస్టర్ విలువ కొంచెం తగ్గించండి. కుదిరిన విలువను ఈఈప్రామ్‌లో (కరెంట్ పోయినా చెరగని మెమరీలో) దాచి, ఆన్ చేసిన ప్రతిసారీ చదివించండి.