జీఆర్ఈ రైటింగ్‌లో స్కోర్ తగ్గిందా? అప్లికేషన్ పాడవకుండా ఏం చేయాలి?

విదేశాల్లో పీజీ చదువు కోసం రాసే జీఆర్ఈలో వెర్బల్ (ఇంగ్లిష్), క్వాంట్ (లెక్కలు) స్కోర్లు పరీక్ష ముగియగానే స్క్రీన్ మీద కనిపిస్తాయి. రైటింగ్ స్కోర్ మాత్రం 8 నుంచి 10 రోజుల తర్వాత వస్తుంది. ఈలోగా క్వాంట్ బాగా వచ్చిందని అందరికీ చెప్పేసి ఉంటాం. అప్పుడు రిపోర్టు తెరిస్తే రైటింగ్ దగ్గర 3.0. నాకూ అంతే వచ్చింది. ఆ తర్వాత చాలామంది జూనియర్ల అప్లికేషన్లు చదివాను. స్కోర్ తగ్గినందుకు నష్టపోయినవాళ్ల కన్నా, తగ్గిందన్న కంగారులో ఏదో ఒకటి చేసి నష్టపోయినవాళ్లనే ఎక్కువగా చూశాను.

1. మూడు రోజులు ఏమీ చేయకండి

రీటేక్ బుక్ చేయొద్దు, కాలేజీల లిస్టు మార్చొద్దు. మూడు రోజులంటే మూడు రోజులే.

2. కనీస స్కోర్ ఎక్కడుందో చూడండి

రైటింగ్‌కు 0 నుంచి 6 వరకు, అర పాయింటు చొప్పున స్కోర్ ఇస్తారు. సగటు 3.5 దగ్గర ఉంటుంది. కాబట్టి 3.5 వచ్చినవాళ్లు ఏడవాల్సిన పని లేదు. మీరు అప్లై చేసే ప్రతి చోటా డిపార్ట్‌మెంట్ పేజీ, గ్రాడ్యుయేట్ స్కూల్ పేజీ రెండూ చూడండి. ఒకదాంట్లో లేని నిబంధన ఇంకోదాంట్లో ఉండొచ్చు. జీఆర్ఈ అడగని డిపార్ట్‌మెంట్లూ, ఇష్టమైతే పంపమనేవీ ఇప్పుడు చాలానే ఉన్నాయి. స్పష్టంగా లేకపోతే "రైటింగ్‌కు కనీస స్కోర్ ఉందా?" అని ఒక్క ప్రశ్నతో ఈమెయిల్ పెట్టండి. "3.0తో సీటు వస్తుందా?" అని మాత్రం అడగకండి. దానికి ఎవరూ సమాధానం చెప్పలేరు.

3. రీటేక్ అవసరమా?

కనీస స్కోర్ రాసి ఉండి, మీది అంతకన్నా తక్కువైతే రాయండి. లేకపోతే వద్దు. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య 21 రోజులు ఉండాలి, 12 నెలల్లో 5 సార్ల వరకు రాయొచ్చు. ఫలితానికి పట్టే పది రోజులు కూడా కలుపుకుని డెడ్‌లైన్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఇంకో సంగతి, ఒక తేదీ క్వాంట్‌నూ మరో తేదీ రైటింగ్‌నూ కలిపి పంపడం కుదరదు. ఒక రోజు రాసిన పరీక్ష స్కోర్లన్నీ కలిసే వెళ్తాయి.

మేం రాసినప్పుడు రెండు వ్యాసాలు ఉండేవి. 2023 సెప్టెంబర్ నుంచి ఒక్కటే, 30 నిమిషాలు. టాపిక్‌లన్నీ ఈ పరీక్ష నిర్వహించే ఈటీఎస్ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. స్పెల్‌చెక్ ఆపేసి రోజుకొకటి టైప్ చేయండి. టెంప్లేట్లు బట్టీ పట్టకండి. మీ వ్యాసం వేరేవాళ్ల రాతతో బాగా పోలితే స్కోర్లు రద్దు చేసే అధికారం ఈటీఎస్‌కు ఉంది. అదొక్కటే కాదు, టెంప్లేట్‌తో మొదలుపెట్టినవాళ్లు మూడో పేరాకల్లా సొంత ఆలోచన లేక ఆగిపోతారు. మొదటి ఐదు నిమిషాలు కాగితం మీద అవతలి వాదం రాసుకుని, దానికి జవాబు వెతికేవాళ్లకు ఆ ఇబ్బంది రాదు.

4. ఎస్ఓపీ: అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే

ఎస్ఓపీలో, అంటే ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో, రైటింగ్ స్కోర్ ప్రస్తావన తేకండి. "అక్కా, ఒక్క వాక్యమైనా చెప్పుకోవాలి కదా" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. ఒక అబ్బాయి రెండో పేరా మొత్తం దానికే కేటాయించాడు. ఆ రోజు జ్వరం, కీబోర్డు సరిగ్గా లేదు, టైమ్ చాలలేదు. చదివే ప్రొఫెసర్ ఆ అంకెను అసలు పట్టించుకోకపోయి ఉండొచ్చు. వేలు పెట్టి చూపించింది మనవాడే. పైగా తన రీసెర్చ్ గురించి చెప్పాల్సిన చోటు కాస్తా ఆ సంజాయిషీకే పోయింది.

నిజంగా పెద్ద కారణం ఉంటే, అప్లికేషన్‌లో అదనపు వివరాలకు బాక్స్ ఉంటే, అక్కడ రెండే వాక్యాలు రాయండి. మొదటిది ఏం జరిగిందో, రెండోది మీ రాత ఎలా ఉంటుందో ఎక్కడ చూడొచ్చో. "పరీక్షకు రెండు రోజుల ముందు ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాను. జతచేసిన 40 పేజీల ప్రాజెక్టు రిపోర్టు పూర్తిగా నేను రాసిందే." అంతే. మూడో వాక్యం రాస్తే బతిమాలుతున్నట్టు ఉంటుంది.

ఇక అసలు పని. మీకు రాయడం వచ్చని ఎస్ఓపీనే చూపించాలి. కానీ భయంతో దాన్ని డబ్బులిచ్చి వేరేవాళ్లతో రాయించకండి. స్కోర్ అందుకున్న యూనివర్సిటీ మీరు పరీక్షలో రాసిన వ్యాసాన్ని కూడా చూడగలదు. అక్కడ తడబడిన వాక్యాలు, ఇక్కడ నగిషీలు చెక్కిన భాష పక్కపక్కనే కనిపిస్తే అనుమానం రాకుండా ఉంటుందా?

నగిషీ అక్కర్లేదు, స్పష్టత కావాలి. ఒకమ్మాయి డ్రాఫ్ట్ "చిన్ననాటి నుంచి కృత్రిమ మేధ నన్ను అమితంగా ఆకర్షించింది" అని మొదలైంది. అసలు ఏం చేశావని అడిగితే నోటితో చెప్పింది. దాన్నే రాయమన్నాను: "మా మోడల్ టెస్ట్ డేటా మీద 97 శాతం, కొత్త స్కాన్ల మీద 61 శాతం చూపించింది. రెండు వారాలు కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. ఒకే పేషెంట్ స్కాన్లు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ ఉన్నాయి." ఇందులో ఒక్క కష్టమైన మాట లేదు. అయినా ఇది చదివాక ఆ అమ్మాయికి ఆలోచించడమూ తెలుసు, చెప్పడమూ తెలుసని అర్థమవుతుంది.

డ్రాఫ్ట్‌ను ప్రింట్ తీసి బయటికి చదవండి. స్క్రీన్ మీద చదివితే లెక్క కాదు. ఊపిరి చాలని చోట వాక్యాన్ని విరవండి. దిద్దడానికి ఒక్కరికే ఇవ్వండి. నలుగురు దిద్దితే అందులో మీ గొంతు మిగలదు.

5. మిగతావి

మీ ప్రాజెక్టు రిపోర్టు నిజంగా చదివిన ప్రొఫెసర్‌నే రికమండేషన్ అడగండి. ఆ రిపోర్టు కాపీ మళ్లీ చేతికిచ్చి, "రాత గురించి కూడా ఒక మాట రాయండి సార్" అని నేరుగా అడగండి. తప్పేం లేదు. రైటింగ్ శాంపిల్ (మీ రాతకు నమూనా) ఐచ్ఛికమని ఉంటే, మీకు అది తప్పనిసరి.

ఫారంలో రైటింగ్ స్కోర్ అడిగిన చోట 3.0 అయితే 3.0 అనే నింపండి. ఖాళీగా వదలకండి, 3.5 అని వేయకండి. అధికారిక రిపోర్టు వచ్చాక రెండూ సరిచూస్తారు.